టాస్ గెలిచి తంతాం అన్న పిల్లాడు

హార్లో ఫెర్రీ ఊరికి ఓడిపోవడం కొత్తేమీ కాదు. కానీ ఆ శనివారం ఓడిన తీరు మాత్రం అలబామా మొత్తం మీద ఎవరూ కనీవినీ ఎరగరు. బంతి చేజారిందా అంటే లేదు, ఎవరి కాలన్నా మడత పడిందా అంటే అదీ లేదు. ఆట మొదలుకాకముందే ఒక్క మాట దగ్గర బోల్తా పడ్డారు.

ఆ మాటేంటో ముందు చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగిందేదీ బుర్రకెక్కదు. అక్కడి ఫుట్‌బాల్‌లో బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తుతారు. బంతి ఎవరి చేతిలో ఉంటే ఆట వాళ్ళది. మొదట్లో రిఫరీ నాణెం ఎగరేస్తాడు. గెలిచిన జట్టు కెప్టెన్ 'వాయిదా' అన్నాడనుకోండి, ఇప్పుడు మొదటి బంతి మీరు తీసుకోండి, సగం ఆట అయ్యాక మొదటి బంతి మాది అని అర్థం. తెలివైనవాళ్ళంతా అదే అంటారు. ఆ మాట అనకుండా 'తంతాం' అన్నారో, ఇక అంతే సంగతులు. ఇప్పుడు బంతిని తన్ని అవతలివాళ్ళకి అప్పజెప్పాలి. సగం ఆట అయ్యాక కోరుకునే వంతు వాళ్ళది కాబట్టి వాళ్ళు మళ్ళీ బంతే కోరుకుంటారు. అప్పుడూ తన్ని వాళ్ళకే అప్పజెప్పాలి. రెండు ముద్దలూ వాళ్ళకి, ఖాళీ కంచం మనకి.

ఆ రోజు నాణెం హార్లో కాలేజీ వైపే పడింది. జనం కేకలు, బ్యాండు మోత. వాటి మధ్యలోంచి రిఫరీ మైకు పట్టుకుని, "హార్లో జట్టు తంతామంటోంది" అన్నాడు. బ్యాండులో బాకా ఊదేవాడి ఊపిరి సగంలోనే ఆగిపోయింది. కోచ్ వెర్లన్ టీగ్ నెత్తిమీద టోపీ తీసి నేలకేసి కొట్టి, మళ్ళీ తనే వంగి తీసుకున్నాడు. ఒకసారి నోటినుంచి వచ్చాక ఆ మాటని వెనక్కి తీసుకోనివ్వరు.

చివరికి ఇరవై నాలుగు, ఇరవై ఒకటి. మూడంటే మూడు పాయింట్ల తేడాతో బార్క్‌లీ కాలేజీ గెలిచింది. ఆ మూడూ ఎప్పుడొచ్చాయంటే, రెండో సగం మొదట్లో, హార్లోకి దక్కాల్సిన ఆ బంతితోనే.

కోచ్‌కి అరవై రెండేళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ జట్టుకి పెద్ద దిక్కు. జట్టు పేరు కంచరగాడిదలు. ఆ ఊళ్ళో ఎవర్నయినా కంచరగాడిద అంటే చాలు, ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. మనిషి పెద్ద పీపాలా ఉంటాడు గానీ మనసు మెత్తన. ఆయనకున్న గొప్ప అంతా ఒక్కటే, ఆట నియమాలు కంఠతా రావడం. నియమాల పుస్తకం ప్యాంటు వెనక జేబులో ఎప్పుడూ ఉంటుంది. చర్చిలో కూర్చున్నప్పుడు గుచ్చుకుంటుందని భార్య రూబెత్ ఎన్నిసార్లు పోట్లాడినా తీయడు. ప్రతి ఆగస్టులోనూ చుట్టుపక్కల ఊళ్ళ రిఫరీలు ఈయన దగ్గరికొచ్చి పాఠం చెప్పించుకుని వెళ్తారు.

అటువంటాయన జట్టు నాణెం దగ్గర నోరు జారింది!

నాణేనికి నలుగురు కెప్టెన్లు వెళ్ళారు. మాట్లాడింది మాత్రం టవోరిస్ ప్రూయిట్. ఆరడుగుల నాలుగంగుళాల పిల్లాడు. అవతలి జట్టు వాళ్ళని గోడలా ఆపుతాడు, మైదానం బయట మాత్రం వాడి గొంతు వినాలంటే దగ్గరికెళ్ళి చెవి పెట్టాలి. సగం ఆట అయ్యాక విరామంలో వాడే వచ్చి తల వంచుకుని, "నేనే అన్నాను సార్. తప్పు నాదే" అన్నాడు.

"ఎందుకన్నావురా అలా? పొద్దున్నుంచీ పదిసార్లు చెప్పానే, వాయిదా, వాయిదా అని!"

"సాకులు చెప్పను సార్."

ఇంక ఎంత గుచ్చి అడిగినా అదే ముక్క. ఆట అయ్యాక నెత్తిమీదనుంచి తువ్వాలు కప్పుకుని ఓ మూల బల్లమీద కూర్చున్నాడు.

కోచ్ గుండెలో గుబులంతా ఆ పిల్లాడి గురించే. ఓటమికి కాదు, ఓటములు చాలా చూశాడు. ఆ పిల్లాడి పేరు పేపర్లోకి ఎక్కకూడదు. ఎక్కితే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు. ముప్పై అయిదేళ్ళ క్రితం రాయిస్ టాలివర్ అనే కుర్రాడు ఒకే ఒక్క బంతి వదిలేశాడు. అంతే, వెన్నచేతుల రాయిస్ అయిపోయాడు. ఇప్పుడు మనవలున్నారు, సొంతంగా టైర్ల షాపు ఉంది. అయినా ఈరోజుకీ మంగలి షాపులో కుర్చీ ఎక్కితే, "రావయ్యా వెన్నచేతులూ" అంటారు. పెళ్ళిలో పాస్టరు గారు కూడా నోరు జారి, "వెన్నచేతులవాడా, ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా" అన్నాడని చెప్పుకుంటారు. అంత వరకూ నిజమో కాదో గానీ, ఆ ఊరి జ్ఞాపకం మాత్రం జిగురులాంటిది. పందొమ్మిదేళ్ళ పిల్లాడికి అలాంటి పేరు అంటించడానికి కోచ్‌కి మనసొప్పలేదు.

విలేకర్లు కూర్చునే గదికి వెళ్ళేముందు రూబెత్ ఆయన కాలరు సరిచేసింది.

"వెర్లన్, లోపల అందరూ కత్తులు నూరుకుంటున్నారు. ఆ పేపరు డెల్మర్ అయితే మూడు పెన్సిళ్ళు చెక్కుకుని కూర్చున్నాడు."

"కూర్చోనీ. పిల్లాడి పేరు మాత్రం నా నోట్లోంచి రాదు."

"మరేం చెప్తావు?"

"అబద్ధం చెప్తాను."

"నీకు అబద్ధం చెప్పడం చేతకాదు. చెవులు ఎర్రబడతాయి."

"అయితే టోపీ కిందికి లాక్కుంటాను" అని నిజంగానే లాక్కుని లోపలికి వెళ్ళాడు.

ఆ గది మల్లయోధులు సాధన చేసుకునేది. ఎన్ని కిటికీలు తెరిచినా పాత మేజోళ్ళ వాసన పోదు. వచ్చిన విలేకర్లకి భోజనం పెట్టడం కాలేజీ ఆనవాయితీ. పొగబెట్టి వండిన పంది మాంసం, ఉడికించిన వేరుశెనక్కాయలు, పంచదార పాకంలాంటి చల్లటి టీ. పన్నెండు మంది కంచాలు నాకినంత పని చేసి మరీ కాచుకుని ఉన్నారు. ముందు వరసలో జిల్లా పేపరు డెల్మర్ లాసిటర్. ఇరవై ఏళ్ళ క్రితం ఇదే కోచ్ దగ్గర ఆడాడు, అంటే మూడేళ్ళూ మైదానంలోకి దిగకుండా బెంచీ మీద కూర్చున్నాడు. ఆ కోపం ఇంకా పోలేదని కొందరంటారు. పక్కన రేడియో హోయిట్. వెనక మూలన, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, బార్క్‌లీ ఊరి పేపరు నడిపే డెబ్భై ఏళ్ళ మిస్ నడీన్.

"కోచ్, మొదటి ప్రశ్న" అంటూ డెల్మర్ లేచాడు. "ఎవడు?"

"ముందు గడ్డం మీద మరక తుడుచుకోరా డెల్మర్. మా తిండి నమిలేసి, మళ్ళీ మమ్మల్నే నములుతున్నావు."

నలుగురు నవ్వారు. డెల్మర్ తుడుచుకున్నాడు గానీ కూర్చోలేదు. "నాణెం దగ్గర 'తంతాం' అన్నది ఎవడు కోచ్? వీడియో నాలుగుసార్లు వేసి చూశాను. రిఫరీ వీపు అడ్డం. మీ నలుగురిలో ఎవరి పెదాలు కదిలాయో కనపడ్డంలేదు."

"అయితే రిఫరీని సన్నబడమని చెప్పు."

హోయిట్ అందుకున్నాడు. "కోచ్, రేడియోకి ఫోన్లు ఆగకుండా వస్తున్నాయండీ. సగం మంది మిమ్మల్ని పంపించెయ్యమంటున్నారు."

"మిగతా సగం?"

"మీతోపాటు నన్ను కూడా పంపించెయ్యమంటున్నారు. ఆట మూడో పావు భాగంలో స్కోరు తప్పు చెప్పానట."

ఈసారి కోచ్ కూడా నవ్వాడు. నవ్వుతో గండం గట్టెక్కేనేమో అనుకున్నాడు పాపం. డెల్మర్ వదిలే రకమా!

"నవ్వులు సరే. ఇది హోమ్‌కమింగ్ వారం ఆట. ఊరొదిలి వెళ్ళిన పాత విద్యార్థులంతా వచ్చి చూశారు. మా అత్తగారు టెక్సస్ నుంచి వచ్చింది. ఆవిడకి నేను సమాధానం చెప్పుకోవాలి. ఎవడన్నాడు కోచ్?"

"నేనే అనమన్నాను" అన్నాడు కోచ్. టోపీ కింద చెవులు కాలుతున్నట్టయింది. "గాలివాటం చూసి అలా అనమన్నాను."

"గాలా? జెండా తడిబట్టలా వేలాడింది పొద్దున్నుంచీ!"

"పైన వీస్తోంది. నీకు కనపడదు."

"కోచ్, మొన్న గురువారం చేపల హోటల్లో మీ రేడియో కబుర్లప్పుడు ఏం చేశారు? ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, సాసు సీసా బల్లమీద పెట్టి, వాయిదా అంటే ఏంటో, తంతాం అంటే ఏంటో ఇరవై నిమిషాలు చెప్పారు. నా చేప చల్లారిపోయింది. 'తంతాం అనేవాడు మూర్ఖుడు' అన్నారు. ఇదిగో, రాసుకున్నాను."

కోచ్ టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. "వయసు మీదపడుతోంది. మర్చిపోయాను" అన్నాడు నెమ్మదిగా.

"రాసుకోమంటారా అలా? 'నియమాలు మర్చిపోయిన కోచ్ టీగ్' అని?"

ఆ మాట ఆయనకెంత తగిలిందో అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. చెయ్యి తెలీకుండానే వెనక జేబు మీదికి పోయింది, పుస్తకం ఉందో లేదో చూసుకున్నట్టు. ఆగస్టులో పాఠానికొచ్చే రిఫరీల మొహాలు కళ్ళముందు తిరిగాయి.

"రాసుకో."

డెల్మర్ పెన్సిలు కాగితం మీద పెట్టాడు. ఒక్క అక్షరం రాసి కొట్టేశాడు. వాడికీ ఆ మాట రాయడం ఇష్టం లేకపోయింది, ఎంత కోపమున్నా.

"రాయను. అబద్ధం కాబట్టి రాయను. మీరెవర్నో కాపాడుతున్నారు. సరే, మీరు చెప్పకపోతే నలుగురు కెప్టెన్ల పేర్లూ వేస్తాను. చదివినవాళ్ళే తేల్చుకుంటారు ఎవరో."

"ఒరేయ్, ముగ్గురికి ఏ పాపమూ తెలీదు!"

"అంటే ఒకడే అన్నమాట. పేరు?"

కోచ్ ఇరుక్కుపోయాడు. చెప్తే ఒక పిల్లాడు బలి. చెప్పకపోతే నలుగురు. పైగా నోరుజారి, ఒక్కడే అని తనే ఒప్పేసుకున్నాడు. మంచినీళ్ళ గ్లాసు అందుకుని, దాహం లేకపోయినా గుటకగుటకగా మొత్తం తాగాడు, కాస్త వ్యవధి దొరుకుతుందని.

అప్పుడు వెనక మూలనుంచి, "ఏమయ్యా, నాకూ ఒక వంతు ఇస్తారా, లేకపోతే ఈ వేరుశెనక్కాయలన్నీ అయ్యేదాకా ఆగాలా?" అని మిస్ నడీన్ గొంతు.

"అడగండి మిస్ నడీన్" అన్నాడు కోచ్, ప్రాణం లేచొచ్చినట్టు.

"అడగడానికి కాదు. మెచ్చుకోడానికి వచ్చాను. మీరు దొంగాపోలీసు ఆడుతుంటే నోరు తెరిచే సందేదీ?" ఒళ్ళోని తొక్కలు దులుపుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చిన్న పుస్తకం తీసింది. "ఇందాక మా బస్సు దగ్గర మా కెప్టెన్ వెండెల్‌తో మాట్లాడాను. నాణెం దగ్గర ఏం జరిగిందిరా అంటే, నవ్వి నవ్వి చెప్పాడు. మీకెవరికీ తెలిసినట్టు లేదు."

"నాకూ తెలీదు" అన్నాడు కోచ్. అది నిజమే.

"దారిలో మా బస్సు చెడిపోయింది కదా. రెండు గంటలు ఎండలో రోడ్డు పక్కన నిలబడ్డారు మా పిల్లలు. మధ్యాహ్నం తిండి లేదు. మొహాలు పీక్కుపోయి మైదానంలోకొచ్చారు. నాణెం మీకు పడింది. రిఫరీ, 'బాబూ, ఏం కావాలి నీకు?' అన్నాడు. మీ పిల్లాడు, ఆ ఏనుగులాంటివాడు, నోరు తెరిచి ఒక్క క్షణం మావాళ్ళకేసి చూశాడట. చూసి..." మిస్ నడీన్ పుస్తకం కాస్త దూరంగా పట్టుకుని చదివింది. "'మీరు మా ఇంటికొచ్చిన చుట్టాలు కదా, అలిసిపోయి వచ్చారు. ముందు మీరు తీసుకోండి. మేం తంతాంలే' అన్నాడట."

హోయిట్ చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు.

"దానికి మీవాళ్ళేమన్నారు?" అని అడిగాడు.

"ఏమంటారు? 'థాంక్సండీ' అన్నారు. మావాళ్ళూ పద్ధతిగా పెరిగినవాళ్ళే."

అంతే! ముందు హోయిట్ పకపకా నవ్వాడు. ఆ వెనక గదంతా. ఒకాయనకి టీ ముక్కులోకి పోయింది. కోచ్ మాత్రం నవ్వలేదు. సాకులు చెప్పను సార్ అన్నాడు వెధవ. ఇదా వాడు దాచింది!

డెల్మర్ పెన్సిలు చెవి వెనక పెట్టుకుని మెల్లిగా కూర్చున్నాడు. "మా అమ్మ కూడా ఇంతే" అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలీకుండా. "ఆదివారం పాస్టరు గారు భోజనానికొస్తే, ఆయన తిన్నాకే మాకు. నాకు పన్నెండేళ్ళొచ్చేదాకా కోడికి తొడలుంటాయని తెలీదు. మెడలే అనుకున్నాను కోడంటే."

"అందుకే బక్కగా ఉండి బెంచీ మీద కూర్చున్నావురా" అన్నాడు కోచ్.

"నిజం చెప్పండి కోచ్, అందుకేనా?"

"కాదు. నీకు పరిగెత్తడం రాదు."

మళ్ళీ నవ్వులు. అందరికంటే ఎక్కువ డెల్మరే నవ్వాడు. కోచ్ టోపీ తీసి బల్లమీద పెట్టాడు. చెవులు ఎర్రగానే ఉన్నాయి గానీ ఇప్పుడు దాచుకోవాలనిపించలేదు.

"పెన్సిళ్ళు తియ్యండి అందరూ" అన్నాడు. "టవోరిస్ ప్రూయిట్. సరిగ్గా రాసుకోండి. టి, ఏ, వి, ఓ, ఆర్, ఐ, ఎస్. ప్రూయిట్‌కి చివర రెండు టీలు. ఒక్కటే వేశారో, వచ్చే వారం ఎవరికీ తిండి పెట్టను."

పన్నెండు పెన్సిళ్ళు గీసిన చప్పుడు.

"ఇప్పటిదాకా చంపినా చెప్పనన్నారు?" అన్నాడు హోయిట్.

"ఎందుకన్నాడో ఇప్పటిదాకా నాకు తెలిస్తేగా! వాడు నాకూ చెప్పలేదు. సాకు అవుతుందనుకున్నాడు పిచ్చి సన్నాసి."

డెల్మర్ చెయ్యెత్తాడు, బళ్ళో పిల్లాడిలా. "ఎవరు పెంచారు కోచ్ వాణ్ణి?"

"వాళ్ళ నాయనమ్మ. మిస్ ఇడెల్లా ప్రూయిట్. పేరుకి ముందు 'మిస్' వెయ్యి, లేకపోతే మీ ఆఫీసుకొచ్చి కూర్చుంటుంది."

"వేస్తాను. ఆఖరి ప్రశ్న. వచ్చే శనివారం నాణేనికి మళ్ళీ వాణ్ణే పంపుతారా?"

"పంపుతాను."

"మళ్ళీ ఓడిపోతే?"

"వచ్చే శనివారం ఆట మనూళ్ళో కాదురా, కార్విన్‌లో. అక్కడ చుట్టాలం మనమే. వాళ్ళెలా పెరిగారో మనమూ చూద్దాం."

గది గోల గోల అయిపోయింది. మిస్ నడీన్ మిగిలిన వేరుశెనక్కాయలు సంచీలో పోసుకుని, "ఇది నా మొదటి పేజీలో వేస్తున్నాను" అని లేచింది.

కోచ్ దుస్తుల గదికి వెళ్ళేసరికి పిల్లాడు అలాగే తువ్వాలు కింద ఉన్నాడు. పక్కన కూర్చుంటే బల్ల కిర్రుమంది.

"టవోరిస్, నీ పేరు చెప్పేశాను."

తువ్వాలు జారింది. పిల్లాడి మొహం తెల్లబోయింది. "పేపర్లోనా సార్? మా నాయనమ్మ పేపరు అక్షరం వదలకుండా చదువుతుంది."

"చదవనీ. నువ్వేమన్నావో కూడా వేస్తున్నారు."

"అయ్యో సార్! అది ఎవరు చెప్పారు?"

"చుట్టాలు." కోచ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఒరేయ్, ఒక్క ముక్క చెప్పు. ఆ మాట తర్వాత 'వాయిదా' అని కూడా అనొచ్చు కదా? వాళ్ళకి ముందు దక్కేది, మనకి తర్వాత దక్కేది. ఇద్దరికీ మర్యాదే."

పిల్లాడు జారిన తువ్వాలు తీసి మడత పెట్టాడు. "ఇచ్చాక మళ్ళీ నా వాటా ఏదని అడగడం బాగోదు కదా సార్" అన్నాడు.

ఇలాంటి నియమం వెనక జేబులోని పుస్తకంలో లేదు. "సోమవారం మైదానం మెట్లు ముప్పైసార్లు ఎక్కి దిగాలి. ప్రతి మెట్టు మీదా వాయిదా అనాలి" అన్నాడు కోచ్. కోచ్ అన్నాక ఏదో ఒకటి అనాలి కదా.

"అలాగే సార్."

సోమవారం సాయంత్రం మెట్ల దగ్గర కంచె బయట ఓ యాభై మంది చేరారు. ఆదివారం పేపరు చదవనివాడు లేడు. పిల్లాడు "వాయిదా, వాయిదా" అనుకుంటూ ఆయాసపడి ఎక్కుతుంటే, మంగలి షాపు వాళ్ళతో సహా అందరూ "టవోరిస్! కానీ టవోరిస్!" అని అరిచారు. అమ్మానాన్నా పెట్టిన పేరే, ఇంకేదీ కాదు. కింద నిలబడి లెక్కపెడుతున్న కోచ్ పదకొండు తర్వాత పందొమ్మిది అన్నాడు. ఎవరూ సరిదిద్దలేదు.